రాత్రి తొమ్మిదింటి ఎంఎల్‌బీ నెట్‌వర్క్: ఏళ్ళ తరబడి చూశాక

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ (ఎంఎల్‌బీ) సొంత టీవీ ఛానెల్ ఎంఎల్‌బీ నెట్‌వర్క్‌కి డబ్బు కట్టొచ్చా అని అడిగేవాళ్ళకి నేనిచ్చే సలహా ఒకటే. సీజన్‌ నడుస్తుండగా మంగళవారమో శుక్రవారమో ఈస్టర్న్ టైమ్ (అమెరికా తూర్పు తీరం వేళ) రాత్రి తొమ్మిదికి పెట్టి ముప్పావుగంట కదలకుండా చూడండి. ఆ వేళ సాధారణంగా ‘ఎంఎల్‌బీ టునైట్’ నడుస్తుంటుంది. అది నచ్చితే ఛానెల్ మీకోసమే. నచ్చకపోతే మిగతా రోజంతా వచ్చే కార్యక్రమాల కోసం చందా కట్టమని నేను చెప్పలేను.

ఆ ముప్పావుగంట బేస్‌బాల్‌కి దొరికిన వరం. ఒకేసారి ఎన్నో మైదానాల్లో ఆట జరుగుతుంటుంది. స్టూడియోలో ఒక యాంకరూ, ఇద్దరు మాజీ ఆటగాళ్ళూ అన్నిటి మీదా కన్నేసి ఉంటారు. ఎక్కడ బేసులు (రన్నర్లు ఆగే మూడు చోట్లు) నిండాయో, ఎక్కడ పిచర్ (బంతి విసిరేవాడు) చెయ్యి అలిసిందో అక్కడికి మనల్ని నేరుగా పట్టుకెళ్ళిపోతారు. ఆ ఊరి కెమెరాలు, ఆ ఊరి కామెంటేటర్ల గొంతులే వస్తాయి. నాలుగైదు బంతులు చూపించి, ఒక బ్యాటర్ సంగతి తేలగానే ఇంకో ఊరికి వెళ్తారు. దీన్ని లుక్-ఇన్ అంటారు. ఆట మధ్యలో దూకినా అర్థం కావడానికి కారణం ఆ మాజీ ఆటగాళ్ళే. ఉదాహరణకి రెండు అవుట్లు, బేసులన్నీ నిండుగా, కౌంట్ మూడు బాల్స్ (గురి తప్పిన బంతులు) రెండు స్ట్రైక్స్ (బ్యాటర్ వదిలేసిన మంచి బంతులో, కొట్టబోయి తప్పినవో) దగ్గర లైవ్‌కి వెళ్ళారనుకోండి. “పిచర్‌ని వదిలేసి మొదటి బేస్ దగ్గరున్నవాణ్ణి చూడండి” అంటారు. ఆ కౌంట్‌లో బంతి పిచర్ చేతిలోంచి వదలబోతుండగానే రన్నర్లు ముగ్గురూ పరుగెత్తేస్తారు. ఆగి చూడాల్సిన పని వాళ్ళకి ఉండదు. స్ట్రైక్ పడితే అది మూడోది, బ్యాటర్ అవుటై మూడు అవుట్లతో ఇన్నింగ్స్ ముగుస్తుంది, బాల్ అయితే అది నాలుగోది, ఎలాగూ అందరూ ఒక బేస్ ముందుకి నడవాల్సిందే, గాల్లోకి లేపి దొరికిపోతే మూడో అవుట్. అందుకే ఆ క్షణంలో ఒక మామూలు సింగిల్‌కి (బ్యాటర్ మొదటి బేస్ దాకా చేరే దెబ్బకి) మొదటి బేస్ వాడు మూడో బేస్‌కి సునాయాసంగా చేరతాడు, ఒక్కోసారి హోమ్ (బ్యాటర్ నిలబడే చోటు) దాకా వచ్చి పరుగు చేసేస్తాడు. ఇలాంటివి నాలుగు చూస్తే పుస్తకం చదవక్కర్లేదు.

కొత్తగా చూసేవాళ్ళు తెర మూలనున్న స్కోరు పెట్టెను చదవడం ముందు నేర్చుకోవాలి. పైకి చూసే త్రికోణం ఉంటే అతిథి జట్టు బ్యాటింగ్, కిందికి చూస్తే ఆతిథ్య జట్టు బ్యాటింగ్. చిన్న డైమండ్‌లో వెలిగిన గడులు రన్నర్లున్న బేసులు. పిచర్ పేరు పక్కనో కిందో ఒక అంకె ఉంటుంది. అది అతను ఆ రోజు వేసిన బంతుల లెక్క. తొమ్మిదింటికి ఆ అంకె తొంభై దాటి కనిపిస్తే, ఇంకాసేపట్లో కొత్త పిచర్ వస్తాడని తెలుసుకోవాలి. లుక్-ఇన్‌లు ఎక్కువగా ఆ మలుపు దగ్గరే పడతాయి.

వేళ గురించి కాస్త వివరం అవసరం. తూర్పు తీరంలో మ్యాచ్‌లు 6.40కో 7.05కో మొదలవుతాయి, సెంట్రల్ టైమ్ ఊళ్ళవి ఈస్టర్న్ లెక్కన ఎనిమిది ప్రాంతంలో, పసిఫిక్‌వి పదింటి ప్రాంతంలో. 2022 వరకూ తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్ సగటున మూడు గంటల పైన పట్టేది. 2023లో బంతి వేయడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ వచ్చింది. బేసులు ఖాళీగా ఉంటే పిచర్‌కి 15 సెకన్లు, రన్నర్లుంటే ఆ ఏడాది 20, మరుసటి ఏడాది నుంచి 18. దాంతో సగటు రెండు గంటల నలభై నిమిషాల దగ్గరకి పడిపోయింది. ఆటకి మంచిదే, నాకూ ఇష్టమే. లుక్-ఇన్‌కి మాత్రం ఒక చిక్కు వచ్చింది. ఇదివరకు తూర్పు మ్యాచ్‌ల ముగింపులు తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా విడివిడిగా పరచుకుని ఉండేవి. ఇప్పుడు ఆరేడు మ్యాచ్‌ల ఎనిమిదీ తొమ్మిదీ ఇన్నింగ్స్ ఒకే అరగంటలో వచ్చి పడతాయి. తెరను రెండుగా, నాలుగుగా విభజించి చూపిస్తారు కానీ శబ్దం ఒక్కదానిదే వస్తుంది. పదేళ్ళ కిందటి అలవాటుతో పదింటికి కూర్చునేవాళ్ళు అసలు భోజనం అయిపోయాక వచ్చినట్టే. ఇప్పుడు తొమ్మిదికల్లా కూర్చోవాలి.

వారాల్లోనూ తేడా ఉంది. సోమ, గురువారాలు చాలా జట్లకి ప్రయాణాల రోజులు, ఆటలు పలచగా ఉంటాయి. బుధవారం కొన్ని మధ్యాహ్నమే అయిపోతాయి. ఆదివారం దాదాపు అన్నీ పగలే. కాబట్టి మంగళ, శుక్రవారాలే నిండు పంట. ఇదే పనిని ప్రకటనల్లేకుండా చేసే స్ట్రైక్ జోన్ అనే తోబుట్టువు ఛానెల్ 2012లో వచ్చింది, అది నడిచేదీ ఆ రెండు రాత్రులే. ఎక్కువగా అదనపు స్పోర్ట్స్ ప్యాకేజీలో ఉంటుంది. మీ ప్యాకేజీలో ఉంటే ఆ రెండు రాత్రులూ దాన్నే పెట్టుకోండి. ఇంత పొగిడాక ఈ మాట చెప్పడం కష్టంగానే ఉంది కానీ, నిజం అదే.

ఇంకో జాగ్రత్త. స్ట్రీమింగ్‌లో చూస్తుంటే చిత్రం మైదానం కంటే పదుల సెకన్లు వెనక ఉంటుంది. ఫోన్‌లో స్కోర్ల యాప్ అంతకంటే ముందే హోమ్ రన్ కబురు చెప్పేస్తుంది. అలర్ట్‌లు ఆపేసి కూర్చోండి.

ఛానెల్ పుట్టుక సంగతీ చెప్పాలి, ఎందుకంటే దాని గుణం అక్కడే తెలిసింది. 2009 జనవరి 1న, మైదానాలన్నీ చలికి మూతపడి ఉన్న కాలంలో మొదలుపెట్టారు. మొదటి రోజే దాదాపు ఐదు కోట్ల ఇళ్ళకి చేరింది. అప్పటిదాకా అమెరికా కేబుల్లో అంత పెద్ద ఆరంభం లేదు. అదేమీ మంత్రం కాదు. పెద్ద పంపిణీ సంస్థలు కొన్నిటికి కలిపి మూడోవంతు వాటా ఇచ్చి, మిగతా రెండు వంతులు లీగ్ ఉంచుకుంది. వాటాదారులు తమ ఛానెల్‌ని తామే ఇళ్ళకి చేరవేశారు. అయితే ఆ రాత్రి చూపించడానికి ఆటే లేదు కదా! వాళ్ళు 1956 అక్టోబర్ 8 నాటి వరల్డ్ సిరీస్ (సీజన్ చివరి ఛాంపియన్‌షిప్ పోరు) ఐదో మ్యాచ్‌ని తీశారు. యాంకీస్ పిచర్ డాన్ లార్సెన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ బ్యాటర్లు ఇరవై ఏడుగురినీ వరసగా వెనక్కి పంపిన పర్ఫెక్ట్ గేమ్ అది. టీవీ తెరకెదురుగా ఫిల్మ్ కెమెరా పెట్టి తీసిన కైనెస్కోప్ ప్రతి ఒకటి ఒక సేకర్త దగ్గర మిగిలింది. యాభై ఏళ్ళకి పైగా ఎవరూ టీవీలో చూడని ఆ ప్రసారాన్ని ఆనాటి జిలెట్ ప్రకటనలతో సహా వేశారు. స్లో మోషన్ లేదు, రీప్లే లేదు. ఆట ఎక్కువ భాగం హోమ్ ప్లేట్ వెనక ఎత్తులోంచి కనిపిస్తుంది. కామెంటేటర్లు మెల్ అలెన్, విన్ స్కల్లీల గొంతులు అవసరమైనంతే పలుకుతాయి. మ్యాచ్ మొత్తం లార్సెన్ వేసినవి 97 బంతులు. ఇవాళ స్కోరు పెట్టెలో ఆ అంకె కనబడేసరికి చాలామంది పిచర్లు ఆరో ఇన్నింగ్స్ ముగించి కూర్చుంటున్నారు. ఆట మారిన తీరుని ఏ చర్చా కార్యక్రమం అంత స్పష్టంగా చెప్పలేదు. చలికాలంలో పాత మ్యాచ్‌లు మొత్తంగా వేసే రోజులంటే నాకు అందుకే ఇప్పటికీ ప్రాణం. రానురాను పగటి వేళల్ని వాదోపవాదాల కార్యక్రమాలు ఆక్రమించాయి, అవి ఏ స్పోర్ట్స్ ఛానెల్లోనైనా దొరుకుతాయి.

న్యూజెర్సీలోని సెకాకస్‌లో వాళ్ళ స్టూడియోలున్నాయి. పాతతరం దిగ్గజం బేబ్ రూత్ జెర్సీ అంకె మీద స్టూడియో 3, మరో దిగ్గజం జాకీ రాబిన్సన్ జెర్సీ అంకె మీద స్టూడియో 42. రెండో దానిలో కృత్రిమ గడ్డితో సగం కొలతలో ఒక మైదానమే ఉంది. మాజీ ఆటగాళ్ళు సూటు బూటుతోనే గ్లవ్ తొడుక్కుని చేసి చూపిస్తారు. సియాటిల్‌కి రెండో బేస్‌మన్‌గా (రెండో బేస్ దగ్గరి ఫీల్డర్‌గా) ఆడిన హెరాల్డ్ రెనాల్డ్స్, ఒకే బంతికి ఇద్దర్ని అవుట్ చేసే డబుల్ ప్లేలో కాలు ఎలా తిప్పాలో చూపించేటప్పుడు కళ్ళు తిప్పుకోలేం. బేస్‌ని ఎడమ కాలితో తాకి వెనక్కి నెట్టుకుంటూ విసరడం ఒక పద్ధతి, బేస్ మీదుగా దాటుకుంటూ వెళ్ళి విసరడం ఇంకో పద్ధతి. అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చి ఆరు నెలలుండే మన పెద్దవాళ్ళు, క్రికెట్ బాగా తెలిసినవాళ్ళు, బేస్‌బాల్‌ని తొందరగా పట్టుకునేది ఈ ప్రదర్శనల్లోనే. రెండు లోపాలు మాత్రం గుర్తుంచుకోవాలి. సగం కొలత కాబట్టి బేసుల మధ్య ఉండే 90 అడుగుల దూరం అక్కడ కనిపించదు, విసురు తేలికనిపిస్తుంది. పాత ప్రదర్శనల క్లిప్పులు మళ్ళీ చూస్తుంటే ఏ ఏడాదివో కూడా చూసుకోండి. 2016లో రన్నర్ బేస్‌లోకి జారే తీరు (స్లైడింగ్) మీది నియమం మారింది, ఫీల్డర్ బేస్‌ని తాకీ తాకనట్టు దాటేసే పాత సౌలభ్యం కూడా వీడియో సమీక్ష కిందికి వచ్చింది. 2023లో బేసులు 15 అంగుళాల నుంచి 18కి పెరిగాయి, రెండో బేస్‌కి అటు ఇద్దరు ఇటు ఇద్దరు ఇన్‌ఫీల్డర్లు (బేసుల దగ్గరి ఫీల్డర్లు) ఉండి తీరాలి. పాత క్లిప్పులో చెప్పిన నిలబడే చోట్లు కొన్ని ఇప్పుడు నిబంధనలకి విరుద్ధం.

ఇక అసలు బాధ, ప్రత్యక్ష మ్యాచ్‌లు. ఛానెల్ సీజన్ పొడవునా పూర్తి మ్యాచ్‌లు కూడా వేస్తుంది. పట్టికలో మీ ఊరి జట్టు పేరు కనిపించిందా, అది మీకు రాకపోవడానికే అవకాశం ఎక్కువ. బ్లాకౌట్ నియమం అలాంటిది. ప్రతి జట్టుకీ ఒక ప్రాంతం రాసిచ్చి, ఆ ప్రాంతంలో ప్రసార హక్కుల్ని స్థానిక స్పోర్ట్స్ ఛానెల్‌కి అమ్ముకున్నారు. కాబట్టి ఆ పిన్‌కోడ్లలో లీగ్ సొంత ఛానెల్లో కూడా ఆ మ్యాచ్ రాకూడదు, దాని బదులు ఇంకో మ్యాచో స్టూడియో కార్యక్రమమో వస్తుంది. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్నవాళ్ళకి న్యూయార్క్ జట్లు యాంకీస్, మెట్స్ పోతాయి. అయోవాలో అయితే కబ్స్, వైట్ సాక్స్, కార్డినల్స్, బ్రూవర్స్, ట్విన్స్, రాయల్స్, ఏకంగా ఆరు జట్ల ప్రాంతాలు ఒకదానిమీదొకటి పడ్డాయి. ఆ రాష్ట్రంలో పెద్ద లీగ్ జట్టు ఒక్కటీ లేదు! లాస్ వేగస్‌దీ అదే గతి. అమెరికాలో క్రికెట్ చూపించే విల్లో ఛానెల్లో ఇండియా మ్యాచ్ అని ఉంటే ఇండియా మ్యాచే వస్తుందని అలవాటుపడిన మన ఇళ్ళల్లో ఇది ఎవరికీ మింగుడుపడదు.

రికార్డు చేసుకునేవాళ్ళకి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. రికార్డర్‌కి ఛానెల్, సమయం మాత్రమే తెలుసు, మ్యాచ్ తెలియదు. గైడ్‌లో ఒకటి రాసి ఉంటుంది, పొద్దున తెరిస్తే ఇంకోటి ఉంటుంది. దీనికి నివారణ ఉంది. లీగ్ వెబ్‌సైట్‌లో బ్లాకౌట్ పేజీలో మీ జిప్ కోడ్ కొడితే మీకు మూసేసిన జట్ల పేర్లు వస్తాయి, ఒక్కసారి చూసి రాసిపెట్టుకోండి. గైడ్ వివరణలో చాలాసార్లు ‘ఈ మ్యాచ్ లేదా ఆ మ్యాచ్’ అని రెండు ఉంటాయి. మొదటి దాంట్లోని రెండు జట్లలో ఏదైనా మీ జాబితాలో ఉంటే మీకు వచ్చేది రెండోదే. ముగింపు సమయాన్ని కనీసం గంట పొడిగించండి. అదనపు ఇన్నింగ్స్‌లో రెండో బేస్ మీద రన్నర్‌ని పెట్టి మొదలుపెట్టే 2020 నియమం వల్ల ఆటలు తొందరగా తేలుతున్నాయి, అయినా వాన పడితే లెక్కలన్నీ తప్పుతాయి. సిరీస్ రికార్డింగ్‌లో ‘కొత్తవి మాత్రమే’ ఎంచుకోకపోతే పొద్దుటి పునఃప్రసారాలతో డిస్క్ నిండిపోతుంది.

2023 మేలో ఒక కిటికీ తెరుచుకుంది. స్థానిక ఛానెళ్ళ కంపెనీ దివాలా తీశాక శాన్ డియేగో పాడ్రెస్ మ్యాచ్‌ల ప్రసారాన్ని లీగే చేతికి తీసుకుని, స్థానికులకి బ్లాకౌట్ లేకుండా స్ట్రీమింగ్‌లో నేరుగా అమ్మింది. ఆ తర్వాత ఇంకొన్ని జట్లు ఆ దారి పట్టాయి. మీ జట్టు అందులో ఉంటే ఆ చందా వేరే తీసుకోవాలి, ఈ ఛానెల్ దాని బదులు పనిచేయదు.

కాబట్టి తీసుకోవాలా వద్దా అన్నది మీరు ఎక్కడున్నారు, ఎవరి కోసం చూస్తున్నారన్నదాన్ని బట్టి. ఒకే జట్టు మీద ప్రాణం పెట్టుకుని ఆ ఊళ్ళోనే ఉంటే ముందు స్థానిక ప్రసారం, తర్వాతే ఇది. డాలస్‌లో ఉంటూ సియాటిల్‌కి అభిమాని అయితే బయటి ఊళ్ళ జట్ల మ్యాచ్‌లు స్ట్రీమింగ్‌లో చూపించే ఎంఎల్‌బీ డాట్ టీవీ మేలు. జట్టంటూ లేకుండా ఆట మీద ఇష్టంతో, రాత్రి తొమ్మిదింటికి గంట తీరిక దొరికేవాళ్ళకి మాత్రం దీనికి మించింది నాకు కనబడలేదు. పసిఫిక్ టైమ్‌లో ఉన్నవాళ్ళకి ఆ గంట సాయంత్రం ఆరింటికి పడుతుంది, వంటా పిల్లల హోంవర్కుల మధ్య ఎంత కుదురుతుందో మీకే తెలియాలి. కొనేముందు మీ సర్వీసులో ఉందో లేదో కూడా చూసుకోండి. పేరున్న ఒక స్ట్రీమింగ్ సర్వీసు 2023 జనవరి ఆఖరున దీన్ని తీసేసింది. నెలవారీ చందా అయితే మార్చి ఆఖరున మొదలుపెట్టి వరల్డ్ సిరీస్ అయ్యాక ఆపేయొచ్చు. డిసెంబర్‌లో జట్లు ఆటగాళ్ళ బేరాలాడుకునే వింటర్ మీటింగ్స్, జనవరిలో మేటి ఆటగాళ్ళని ఎన్నుకునే హాల్ ఆఫ్ ఫేమ్ ఫలితాలు ప్రత్యక్షంగా కావాలనుకుంటే ఆ రెండు నెలలూ ఉంచుకుని, నవంబర్, ఫిబ్రవరి వదిలేయండి.