దురద మానని కుక్కకు హైడ్రోలైజ్డ్ ఆహారం: రెండేళ్లు వాడాక నా అభిప్రాయం

మా లాబ్రడార్ జూలీ కోసం హైడ్రోలైజ్డ్ ప్రోటీన్ ఆహారాన్ని రెండేళ్లకు పైగా కొంటున్నాం. ప్రోటీన్‌ను ముందే చిన్న ముక్కలుగా విరగ్గొట్టి చేసే, పశువైద్యుల సలహాతో వాడే గుళికల ఆహారం ఇది. పని చేసిందా అని అడిగితే చేసిందనే చెబుతాను. అయితే దీన్ని దురద తగ్గించే మందుగా కాక, దురద తెప్పిస్తున్న తిండి ఏదో పట్టిచ్చే పరీక్షగా వాడుకున్నవారికే పెట్టిన డబ్బు గిట్టుతుంది. మా వీధిలో ఒకరిద్దరు ఒక సంచి వాడి, ‘లాభం లేదండీ’ అని వదిలేశారు. వారి కుక్కలు ఇప్పటికీ గోక్కుంటూనే ఉన్నాయి. ఆ మూగజీవాల అవస్థ చూడలేకే ఇంత వివరంగా రాస్తున్నాను.

జూలీకి ఏడాది నిండకముందే దురద మొదలైంది. ముందరి పాదాల వేళ్ల సందులను నాకీ నాకీ అక్కడి లేత పసుపు బొచ్చు ఇటుక రంగుకు తిరిగింది. చెవి ఎత్తి చూస్తే లోపలంతా కందిపోయి పులిసిన వాసన వచ్చేది. పొత్తికడుపు మీద చర్మం నల్లబడి, దళసరెక్కి, ఏనుగు చర్మంలా ముడతలు పడింది. రాత్రిపూట మెడపట్టీ గలగలలాడితే చాలు, లేచి వెళ్లి దాని పాదం పట్టుకుని కూర్చునేదాన్ని. ఎండాకాలమైనా వానాకాలమైనా ఒకే తీరు. పుప్పొడి వంటివాటి వల్ల వచ్చే అలర్జీ చాలా కుక్కల్లో కాలాన్ని బట్టి హెచ్చుతూ తగ్గుతూ ఉంటుందనీ, ఏడాది పొడవునా ఆగకుండా వేధిస్తుంటే, అందులోనూ చెవులు, పాదాలు, మలద్వారం చుట్టూ ఎక్కువగా ఉంటే తిండిని కూడా అనుమానించాలనీ డాక్టరు గారు చెప్పారు. అనుమానించాలన్నారే తప్ప తిండే కారణమని తేల్చేయలేదు. ఆ జాగ్రత్త వల్లే ఆయన మీద నాకు గురి కుదిరింది.

తిండి జోలికి వెళ్లేముందే ఆయన చర్మాన్ని కొద్దిగా గీకి, గజ్జి పురుగులేమైనా ఉన్నాయేమోనని సూక్ష్మదర్శినిలో చూశారు. పారదర్శకమైన టేపు ముక్కను వేళ్ల సందులో అద్ది, రంగు వేసి చూస్తే మలసీజియా అనే ఈస్టు (ఒక రకం శిలీంధ్రం) గుంపులు గుంపులుగా కనబడింది. అలర్జీతో చర్మం దెబ్బతిన్నప్పుడు ఈ ఈస్టు, బాక్టీరియా చేరి దురదను రెట్టింపు చేస్తాయి. వాటిని తగ్గించకుండా ఎంత ఖరీదైన తిండి పెట్టినా తేడా తెలియదు. అందుకని ముందు క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ షాంపూ స్నానాలు, పేలకూ పిడుదులకూ మందు. షాంపూ నురగ ఒంటి మీద పది నిమిషాలు ఉండాలి. పట్టించిన వెంటనే కడిగేస్తే దండగ. వేపాకు ముద్ద, పసుపు, కొబ్బరినూనె పూయమని మా చుట్టాలందరూ చెప్పారు. ప్రేమతోనే చెప్పారు. కానీ మలసీజియాకు జిడ్డంటే ప్రాణం, పైగా కుక్క ఆ నూనె కోసం ఉన్న పుండును మరింత నాకుతుంది. ఊళ్లో ఇలాంటి పరీక్షలు చేసేవారు లేకపోతే గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు తీసుకువెళ్లండి.

రక్తం, లాలాజలం లేదా వెంట్రుకలు పంపిస్తే ఏ తిండి పడదో జాబితా ఇస్తామనే పరీక్షల గురించి ఒక మాట. పర్యావరణ అలర్జీల చికిత్సకు రక్తపరీక్ష ఉపయోగపడుతుంది కానీ, తిండి విషయంలో వీటిని నమ్మడానికి లేదు. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో బొమ్మ జంతువు కృత్రిమ బొచ్చును పరీక్షకు పంపితే దానికి కూడా అలర్జీలు ఉన్నాయని ఫలితం వచ్చింది. అనుమానం ఉన్న తిండిని పూర్తిగా ఆపి, తర్వాత ఒక్కొక్కటీ తిరిగి పెట్టి చూడడం ఒక్కటే ఇప్పటికీ సరైన మార్గం. దాన్నే ఎలిమినేషన్ డైట్ అంటారు. ఈ ఆహారం అవసరం అక్కడే వస్తుంది.

ఇందులో ప్రోటీన్‌ను ఎంజైములతో మరీ చిన్న ముక్కలుగా విరగ్గొడతారు. మామూలు ప్రోటీన్ అయితే అలర్జీని రేపే మాస్ట్ కణాల మీద ఉండే రెండు యాంటీబాడీలను (పడని పదార్థాన్ని పట్టుకునే రక్షక ప్రోటీన్లను) ఒకేసారి అందుకుని ఆ కణం నుంచి హిస్టమిన్ అనే దురద పుట్టించే రసాయనం విడుదలయ్యేలా చేస్తుంది. ముక్క చిన్నదైతే ఆ రెండింటినీ అందుకోలేదు. అందుకే ఒంట్లో ఆ గొడవ మొదలు కాదు. అన్ని రకాలూ ఒకటి కాదు: కొన్ని సోయాతో, కొన్ని కోడి కాలేయంతో, కొన్ని కోడి ఈకలతో తయారవుతాయి. కోడి పడని కుక్కల్లో కొన్నింటికి హైడ్రోలైజ్డ్ కోడి కూడా పడకపోవచ్చు. జూలీ పుట్టినప్పటి నుంచీ కోడిమాంసం తిన్నదే కనుక మేము సోయా రకం తీసుకున్నాం. మన ఇళ్లలో పెరిగే చాలా కుక్కలకు ఇదే మంచిదని నా అభిప్రాయం.

రుచి గురించి దాచడానికేమీ లేదు. ప్రోటీన్ విరిగితే కాస్త చేదు వస్తుంది. మొదట జూలీ వాసన చూసి వెనక్కి వెళ్లి గిన్నెకు దూరంగా కూర్చుంది. పాత తిండిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం రోజుల్లో పూర్తిగా మార్చాం. మలం కొంచెం మెత్తబడి తర్వాత సర్దుకుంది.

అసలు కష్టం ఇంట్లోనే. పరీక్ష జరిగినన్నాళ్లూ ఈ గుళికలూ నీళ్లూ తప్ప ఇంకేదీ నోట్లో పడకూడదు. బిస్కెట్ ముక్క, చపాతీ అంచు, నమిలే ఎముక, మాంసం రుచిగల టూత్‌పేస్ట్, ఏదీ వద్దు. చాలామంది మరిచిపోయేది మందుల సంగతి: పేలకు, పిడుదులకు నమిలించే మాత్రల్లో మాంసం రుచి కలిపినవి ఎక్కువ. ఆ కొన్ని వారాలూ మెడ మీద వేసే చుక్కల మందుకు మారడం మేలు. మా అత్తయ్య రోజూ మధ్యాహ్నం జూలీకి పెరుగన్నం కలిపి పెట్టేవారు. మానేయాలని చెప్పినప్పుడు ‘పెరుగన్నం ముద్ద లేకుండా దానికి కడుపెలా నిండుతుందమ్మా?’ అని ఆవిడ ఎంతో నొచ్చుకున్నారు. కానీ విషయం అర్థమయ్యాక అందరికంటే కట్టుదిట్టంగా ఉన్నది ఆవిడే. ఆ గుళికలనే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తగా పిసికి, అదే గిన్నెలో అదే వేళకు ముద్దలు చేసి పెట్టారు. చేదు గుళికలను జూలీ ఇష్టంగా తినడం మొదలైంది ఆవిడ చేతి ముద్దలతోనే. పనమ్మాయికీ పక్కింటి పిల్లలకూ కూడా ఆవిడే చెప్పుకున్నారు. ఒక సంచితో విసిగిపోయిన ఇళ్లలో లోపించినది ఈ కట్టుబాటే అనుకుంటాను.

ఎన్నాళ్లు ఆగాలి? 2015లో వచ్చిన ఒక సమీక్షా వ్యాసం ప్రకారం తిండి అలర్జీ ఉన్న కుక్కల్లో 80 శాతానికి పైగా ఐదు వారాల్లోనూ, 90 శాతానికి పైగా ఎనిమిది వారాల్లోనూ కోలుకుంటాయి. రెండు వారాలకే ఆశ వదులుకోకూడదన్నమాట. మాకు ముందు చెవులు తేరుకున్నాయి. తర్వాత పొట్ట మీద నలుపు పలచబడి, ముడతల మధ్య గులాబీ రంగు చర్మం తొంగిచూసింది. పాదాల బొచ్చు మాత్రం ఇటుక రంగులోనే ఉండిపోయింది. పాతది రాలి కొత్తది వచ్చేదాకా ఆ రంగు పోదు, దాన్ని చూసి బెంగపడవద్దు.

జూలీ హాయిగా నిద్రపోతున్న ఆ సమయంలో డాక్టరు గారు కోడిమాంసం తిరిగి పెట్టి చూడమన్నారు. బాగైన కుక్కకు చేజేతులా దురద తెప్పించడమెందుకని మావారు గట్టిగా అభ్యంతరపెట్టారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ తగ్గింది తిండి వల్లనో షాంపూ వల్లనో తెలియాలంటే వేరే దారి లేదు. ఈ మెట్టు వదిలేసినవారు జీవితాంతం ఖరీదైన సంచులు కొంటూ, కుక్కకు ఏది పడదో తెలియకుండానే గడుపుతారు. నియమం ఇది: ఒకసారికి ఒకే పదార్థం, రెండు వారాల వరకు, దురద మొదలైతే అక్కడితో ఆపి, తగ్గేదాకా మళ్లీ పాత గుళికలే. ఉప్పూ కారమూ లేకుండా ఉడికించిన కోడిమాంసం పెడితే వారం తిరక్కుండానే జూలీ చెవులు కందాయి, పాదాలు నాకడం మొదలుపెట్టింది. తర్వాత పెరుగు పెట్టాం, ఏమీ కాలేదు. గోధుమతోనూ ఏమీ కాలేదు. పెరుగు ఫలితం తెలిసిన రోజు అత్తయ్య ముఖం చూడాలి!

2016లో 297 కుక్కల వివరాలను కలిపి చూసిన మరో వ్యాసంలో గొడ్డుమాంసం 34 శాతం, పాల పదార్థాలు 17, కోడి 15, గోధుమ 13 శాతం కుక్కలకు పడలేదని తేలింది. మన కుక్కల గిన్నెల్లో రోజూ పడేవి కోడి, పెరుగు, చపాతీ. అందుకే ‘మేము ఇంటి తిండే పెడతాం, అలర్జీ ఎందుకొస్తుంది?’ అనే వాదన నిలవదు. ఎన్నాళ్లుగానో తింటున్న తిండే పడకుండా పోతుంది. అలాగే ధాన్యాలు లేని ఆహారం కొంటే దురద పోతుందనే ప్రచారానికీ పెద్దగా ఆధారం లేదు. ఎక్కువ కుక్కలకు పడనివి జంతు ప్రోటీన్లే.

ఇక లోటుపాట్లు. మొదటిది ధర. మాకు కిలో వెయ్యి రూపాయలు దాటుతోంది. ముప్పై కిలోల కుక్కకు నెలకు దాదాపు పది కిలోలు కావాలి. మధ్యతరగతి ఇంటికి ఇది మోయలేని భారం. కొన్నిసార్లు సరుకు దొరకక వేరే ఊరి నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది, కాబట్టి పరీక్ష మొదలుపెట్టే ముందే సరిపడా నిల్వ చేసుకోండి. తేమ ఉన్న మా కోస్తా వాతావరణంలో సంచి తెరిచి ఉంచితే గుళికల్లో నిల్వ పురుగులు చేరతాయి. వాటి వల్ల కూడా కొన్ని కుక్కలకు దురద వస్తుంది. సంచిని సంచితోనే గాలి చొరబడని డబ్బాలో పెట్టి, చల్లని చోట ఉంచాలి.

ఈ ఆహారం చేయలేనిదీ ఒకటుంది. దుమ్ము పురుగులు, పుప్పొడి, బూజు వల్ల వచ్చే అలర్జీని ఇది తగ్గించదు. తిండి అలర్జీతో పాటు అదీ ఉన్న కుక్కలు చాలానే ఉంటాయి. జూలీ వాటిలో ఒకటి. కోడి మానేశాక ఏడాది పొడవునా ఉండే బాధ పోయింది కానీ, వానలు పడితే పాదాలు కొంచెం ఎర్రబడుతూనే ఉంటాయి. అప్పుడు కొద్దిరోజులు డాక్టరు గారి సలహాతో దురద తగ్గించే ఒక్లాసిటినిబ్ మాత్ర వేస్తాం. ఏడాది లోపు కుక్కపిల్లలకు ఆ మాత్ర పనికిరాదు, సొంతంగా కొని వేయకండి.

ఇప్పుడు జూలీ మేకమాంసం, అన్నం, గుమ్మడికాయ, పెరుగు తింటోంది. కొలతలు, కాల్షియం, విటమిన్లు పశువైద్యుడు రాసిచ్చినవే. లెక్క లేని ఇంటి తిండి ఏళ్ల తరబడి పెడితే ఎముకలు దెబ్బతింటాయి. హైడ్రోలైజ్డ్ గుళికలు ప్రయాణాలకూ, దురద తిరగబెట్టినప్పుడు మళ్లీ ఆరా తీయడానికీ చిన్న సంచి ఒకటి ఉంచుకుంటాం. మధ్యలో మామూలు గొర్రెమాంసం గుళికలకు మారదామని దుకాణానికి వెళ్లి సంచులు తిప్పి చూశాను. ముందు వైపు పెద్దక్షరాలతో గొర్రెమాంసం, అన్నం అని ఉన్న సంచికి వెనుక వైపు చిన్నక్షరాల్లో కోడిమాంసం పొడి, కోడి కొవ్వు. కోడి పడని కుక్క ఉన్నవారు ఆ వెనుక వైపు చదవకుండా ఏదీ కొనకండి.