వారం రోజుల నగర యాత్రకు ఏడు గడుల కాగితం: ఏళ్లుగా వాడాక నా అభిప్రాయం

ముందే తేల్చి చెబుతాను. పెద్ద నగరంలో వారం రోజులు తిరగడానికి ప్రణాళిక వేసుకోవాలంటే నేను ఇప్పటికీ నమ్ముకునేది ఒక ఎ4 కాగితాన్ని, ఒక పెన్సిలును, ఒక రబ్బరును. ఫోనులో యాత్రా ప్రణాళికలు అల్లిపెట్టే యాప్‌లు చాలానే వాడాను, ఒకటి రెండింటికి చందా కూడా కట్టాను. ఏవీ నిలవలేదు. ఈ కాగితం నిలిచింది. చూడడానికి బడి టైంటేబుల్‌లా ఉంటుంది, అంతకన్నా విశేషం లేదు. తేడా అంతా అది ముందుకు తెచ్చే మొదటి ప్రశ్నలో ఉంది. యాప్ తెరవగానే ‘ఏమేమి చూస్తారు?’ అంటుంది. కాగితం మీద ఏడు గడులు గీసి సోమవారం నుంచి ఆదివారం దాకా పేర్లు రాయగానే ‘ఏ రోజు ఏది మూసి ఉంటుంది?’ అన్న ప్రశ్న దానంతట అదే లేస్తుంది. యాత్ర కుదిరేదీ చెదిరేదీ ఎక్కువగా ఈ రెండో ప్రశ్న దగ్గరే.

తయారీ రెండు నిమిషాల పని. కాగితాన్ని అడ్డంగా పెట్టి ఏడు నిలువు వరుసలు గీస్తాను. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అని మూడు అడ్డ వరుసలు. తేదీకన్నా వారం పేరు పెద్దగా ఉండాలి. కుడి అంచున ఒక సన్నని పట్టీ వదిలి, చూడాలనుకున్నవన్నీ అందులో రాసి పెడతాను. అవి అక్కడ వరుసలో నిలబడి తమ వంతు కోసం ఎదురు చూస్తాయి. ఎర్ర పెన్సిలుతో సెలవు రోజులు కొట్టేస్తాను. సమయం ఖరారైన టికెట్లు మాత్రమే పెన్నుతో రాస్తాను. మిగిలినదంతా మామూలు పెన్సిలే.

ఎర్ర పెన్సిలు పనితనం చూడాలంటే ఢిల్లీని తీసుకోండి. సోమవారం గడిలో ఎర్రకోట, అక్షరధామ్, లోటస్ టెంపుల్, జాతీయ మ్యూజియం, నాలుగింటి మీదా గీత పడుతుంది. కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి ఆ రోజు కూడా తెరిచే ఉంటాయి. ఇంక సోమవారం ఎటు వెళ్లాలో ఎవరినీ అడగనక్కర్లేదు. మధ్యలో ఆగ్రా వెళ్లి రావాలంటే శుక్రవారం తప్ప ఏ రోజైనా సరే, తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు. మ్యూజియాలన్నీ సోమవారమే మూస్తారన్న నమ్మకంతో బయలుదేరేవాళ్లు ఇస్తాంబుల్‌లో ఇబ్బంది పడతారు. అక్కడ దోల్మాబాచే రాజప్రాసాదానికి సోమవారం సెలవు, తోప్‌కాపికి మంగళవారం, గ్రాండ్ బజారుకు ఆదివారం. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం బుధవారం మూస్తారు. వాటికన్ మ్యూజియాలకు ఆదివారం సెలవు, నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు. ఆ ఉచితం కోసం నిలబడే వరుసను చూస్తే టికెట్టు కొనుక్కోవడమే నయమనిపిస్తుంది.

పారిస్ కోసం వేసుకున్న కాగితాన్ని పారేయలేదు. ఈ పద్ధతి బలం అందులో బాగా కనిపిస్తుంది. లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు, ఓరాంజరీకీ అదే రోజు. ఓర్సే మ్యూజియానికి సోమవారం సెలవు, వెర్సాయ్ రాజప్రాసాదానికీ సోమవారమే. ఆధునిక కళకు పేరుపడ్డ పాంపిడూ సెంటరుకైతే ఏడు గడుల మీదుగా ఒకే ఎర్ర గీత గీయాలి. 2025లో మరమ్మతుల కోసం మూశారు, 2030 వరకు తెరిచే ఉద్దేశం లేదు. ఇది చూశాక ఎవరికైనా మొదట తట్టేది ఒకటే: మంగళవారం లూవ్ర్ మూసి ఉంటుంది కదా, ఆ రోజు వెర్సాయ్ వెళ్లొద్దాం. సరిగ్గా ఇదే ఆలోచన ఊరు చూడడానికి వచ్చిన అందరికీ వస్తుంది. అందుకే వారంలో వెర్సాయ్ బాగా కిక్కిరిసే రోజుల్లో మంగళవారం ఒకటి. దాన్ని గురువారం ఉదయానికి జరిపాను. ఖాళీ అయిన మంగళవారంలోకి, ఎప్పుడూ సెలవు లేని సీన్ నది దీవిని తెచ్చాను. 2019 అగ్నిప్రమాదం తర్వాత 2024 డిసెంబరులో తిరిగి తెరుచుకున్న నోత్రదామ్ చర్చి, అక్కడికి కొద్ది నిమిషాల నడకలో 1248 నాటి సెంత్ షాపెల్ ప్రార్థనామందిరం. సెంత్ షాపెల్‌లో చూడవలసింది పదిహేను నిలువెత్తు రంగుటద్దాల కిటికీలను. వెలుతురు లేకపోతే అవి మూగబోతాయి కాబట్టి దాన్ని మధ్యాహ్నం గడిలోనే రాశాను.

అసలు లాభం సాయంత్రం గడుల్లో దొరికింది. లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి తొమ్మిది వరకు తెరిచి ఉంటుంది. ఓర్సే గురువారం రాత్రి తొమ్మిదీ ముప్పావు దాకా ఉంటుంది. ఈ రెండింటినీ సాయంత్రాలకు నెట్టేసరికి పగటి పూటలు బోలెడు చేతికొచ్చాయి. పైగా జూన్‌లో పారిస్‌లో రాత్రి పది దాకా వెలుగు పోదు. మ్యూజియం నుంచి బయటికి వచ్చాక కూడా నది ఒడ్డున నడవడానికి పొద్దు మిగిలే ఉంటుంది. అదే డిసెంబరు అయితే ఐదింటికే చీకటి పడుతుంది, లండన్‌లో నాలుగింటికే. కాబట్టి అడ్డ వరుసలు గీసే ముందు ఆ నెలలో అక్కడ సూర్యాస్తమయం ఎప్పుడో చూసుకోవాలి. చలికాలంలో ఆరుబయట చూసేవన్నీ పై రెండు వరుసల్లో ఇమడాలి, కింది వరుస పైకప్పు ఉన్న వాటికే.

రాత్రి వేళల్లో తెరిచి ఉంచడం కూడా అన్ని చోట్లా ఒకేలా కలిసిరాదు. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం మూడూ ఆలస్యంగా మూసేది శుక్రవారమే. మూడూ ఉచితమే, కానీ ఉన్నది ఒక్క శుక్రవారం. కాగితం మీద ఆ ఒక్క గడిలో మూడు పేర్లు కొట్టుకోవడం కళ్లకు కనిపిస్తుంది. యాప్‌లో అయితే అక్కడికి వెళ్లేదాకా తెలియదు.

కాగితం ఎప్పుడు గీయాలన్న విషయంలో మాత్రం నేను మొండివాణ్ణి. విమాన టికెట్టు కొన్నాక కాదు, కొనక ముందే గీయాలి. పారిస్‌లో మెట్రోకు, బస్సులకు వాడే వారపు నావిగో పాసు సోమవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది. గురువారం దిగినవాళ్లు అది కొంటే మూడు రోజులు గాలికి పోయినట్టే. లండన్‌లో కార్డు తాకించి తిరిగేవాళ్లకు వారానికి ఇంతకు మించి కోయరన్న చార్జీల గరిష్ఠ పరిమితి కూడా సోమవారం నుంచి ఆదివారం వరకే లెక్క. న్యూయార్క్‌లో అలా కాదు, మొదటిసారి కార్డు తాకించిన రోజు నుంచి ఏడు రోజులు లెక్కిస్తారు. వారంలో ఏ రోజు దిగితే మేలో నగరాన్ని బట్టి మారిపోతుంది. విమానం చార్జీలో మిగిలిన కొద్ది డబ్బు కోసం గురువారం రాత్రి దిగి, రెండు ముఖ్యమైన చోట్లను వదులుకున్నవాళ్లను చూశాను.

మొదటి నిలువు వరుసలో పెన్నుతో ఏమీ రాయను. గడియారం చాలా గంటలు మారే ప్రయాణమైతే రెండో వరుసలోనూ జాగ్రత్తే. పడమటి వైపు వెళితే తెల్లవారుజామునే మెలకువ వస్తుంది. కాబట్టి రద్దీ చోట్లకు తలుపు తీసే వేళకే వెళ్లడానికి మొదటి ఉదయాలు అనువైనవి. తూర్పు వైపు వెళితే ఇది తలకిందులవుతుంది. మొదటి రెండు ఉదయాలు నిద్రమత్తులోనే పోతాయి, వాటిలో వీధుల్లో నడక తప్ప మరేమీ పెట్టను.

అమ్మను వెంట తీసుకువెళ్లడం మొదలుపెట్టాక కాగితం అడుగున నాలుగో అడ్డ వరుస చేరింది. దాని పేరు ‘మెట్లు’. అమ్మ రోజూ పొద్దున కళ్లజోడు పెట్టుకుని ముందు ఆ వరుసే చూసేది. “ఇవాళ ఎన్ని మెట్లురా?” అన్నదే ఆవిడ మొదటి మాట. పారిస్‌లో విజయ తోరణం పైకి 284 మెట్లు. లండన్‌లో సెయింట్ పాల్స్ గోపురం మీది చివరి వసారాకు 528. రోములో సెయింట్ పీటర్స్ గోపురానికి 551, కొంత దూరం లిఫ్టులో వెళ్లినా ఇంకా 320 ఎక్కాలి. వీటి సంగతి ముందే తెలుస్తుంది కాబట్టి బాధ లేదు. మనిషిని నీరసపరిచేవి లెక్కలోకి రాని మెట్లు, అంటే మెట్రో స్టేషన్లవి. పారిస్ మెట్రోలో చాలా స్టేషన్లకు లిఫ్టు లేదు, పద్నాలుగో లైనులో మాత్రం అన్నింటికీ ఉంది. అందుకే అమ్మతో వెళ్లిన ఊళ్లలో ఆ వరుసలో బస్సు నంబర్లు కూడా రాస్తాను. బస్సు ఆలస్యమవుతుంది, నిజమే. కానీ కిటికీ పక్కన కూర్చుంటే అదీ ఊరు చూడడమే.

రోజుకు ఒక పెద్ద మ్యూజియమే అన్నది ఈ కాగితం మీద నేను సడలించని నియమం. లూవ్ర్‌లో ప్రదర్శనకు ఉంచిన వస్తువులే సుమారు 35 వేలు. 1916లోనే బోస్టన్ లలితకళా మ్యూజియం కార్యదర్శి బెంజమిన్ గిల్మన్ ఈ అలసట గురించి రాశారు. ఒక మనిషి చేత అద్దాల పెట్టెల్లోని వస్తువులను చూపించి, అతడు వంగుతూ, కూర్చుంటూ, మెడ సాచుతూ పడే పాట్లను ఫోటోలు తీయించారు. నడక ఒక్కటే కాదు, ఆ వంగడాలు కూడా ఒళ్లు హూనం చేస్తాయి. మధ్యాహ్నం రెండో మ్యూజియానికి వెళ్లినవాళ్లలో ఎక్కువ మంది చూసేది బల్లలు ఎక్కడున్నాయా అనే.

ఇంకొకటి, ఏడు రోజుల్లో రెండు పూటలు ఖాళీగా ఉంచాలి. వాటి మీద ఏటవాలు గీతలు గీసి పక్కన పెట్టడం మా ఆవిడ పని. ఆ గడుల్లో రాసే హక్కు నాకు లేదు. ఆ పూటలు ఎటు పోతాయో చెప్పలేం. వాన పడి చెడిన రోజును పూడ్చడానికి వాడొచ్చు, నచ్చిన తోటకే మళ్లీ వెళ్లొచ్చు, గదిలో పడుకోవచ్చు కూడా. యాప్‌లకు ఖాళీ అంటే పడదు. నేను చందా కట్టిన ఒకటి ప్రతి అరగంటనూ ఏదో ఒకదానితో నింపేది. నాలుగు చోట్ల కోసం ఒకే రోజు నదిని మూడుసార్లు దాటించింది. మరొకటి సెలవు రోజున రాజప్రాసాదానికి పంపబోయింది. జనం వేసిన నక్షత్రాలను బట్టి చోట్లను పేర్చడం దానికి తెలుసు, వారాలను బట్టి పేర్చడం తెలియదు.

లోపాలు లేకపోలేదు. మొట్టమొదటిది, కాగితానికి దూరాలు తెలియవు. ఏది దేనికి దగ్గరో తేల్చుకోవడానికి ఫోనులో మ్యాపే దిక్కు. చూడాల్సినవన్నీ మ్యాపులో గుర్తు పెట్టుకుంటే గుంపులు గుంపులుగా కనబడతాయి. ఆ గుంపులకు అ, ఆ, ఇ అని పేర్లు పెట్టి ఆ అక్షరాలను కాగితం అంచు పట్టీలోకి ఎక్కిస్తాను. ఒక్క గడిలో రెండు అక్షరాలు పడితే ఆ పూట రోడ్ల మీదే గడుస్తుందని అర్థం. ఓర్సే, ఓరాంజరీల మధ్య నది ఉన్నా నడక వంతెన మీదుగా కొద్ది నిమిషాల దారే. ఇలాంటివి మ్యాపు చెబుతుంది, కాగితం చెప్పదు.

రెండో లోపం, కాగితం మోగదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ ఇంటి టికెట్లు ప్రతి మంగళవారం, ఆరు వారాల తర్వాతి తేదీలకు విడుదలవుతాయి. టోక్యో దగ్గరి ఘిబ్లీ మ్యూజియం టికెట్లు వచ్చే నెలవి ఈ నెల పదో తేదీన అమ్మకానికి వస్తాయి. ఐఫిల్ టవర్‌వి అరవై రోజుల ముందు నుంచి దొరుకుతాయి. ఆ రోజున, ఆ నగరపు గడియారం ప్రకారం, ఆ గంటకు మనను లేపేది ఫోను అలారమే. రోములో బోర్గేసే గ్యాలరీలో టికెట్టుకు రెండు గంటలే గడువు, సమయం కాగానే బయటికి పంపేస్తారు. దాన్ని పెన్నుతో రాశాక మిగిలిన రోజంతా దాని చుట్టూ అమరాల్సిందే.

మూడోది, కాగితం తనను తాను సరిదిద్దుకోలేదు. పండుగలు, సమ్మెలు, మరమ్మతులు అన్నీ మనమే కనిపెట్టాలి. మే 1న లూవ్ర్, ఓర్సే, వెర్సాయ్ మూడూ మూస్తారు, అది ఏ వారమైనా సరే. బయలుదేరే ముందు ప్రతి చోటి అధికారిక వెబ్‌సైటునూ ఒకసారి తిరగేసి ఎర్ర గీతలు సరిచూసుకుంటాను. విసుగు పుట్టించే పనే, దీనికి అడ్డదారి దొరకలేదు.

నలుగురికి మించిన బృందానికి ఇది పనికిరాదు. రబ్బరు ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గరే తగవు మొదలవుతుంది. వారంలో మూడు నగరాలు చుట్టేసేవాళ్లకు కూడా వద్దు, వాళ్లకు కావలసింది రైళ్ల పట్టిక. ఒకే ఊళ్లో ఏడు రాత్రులు ఉండే ఇద్దరు ముగ్గురికైతే ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు. ప్రతి సాయంత్రం కాగితాన్ని ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి, వాన తగిలితే పెన్ను రాత చెరుగుతుంది. పెన్సిలు 2బి అయితే మేలు. గట్టి పెన్సిలు రాతను రబ్బరు పెట్టి రుద్దినా గాడి మిగిలి, మంగళవారం గడిలో పాత వెర్సాయ్, కొత్త నోత్రదామ్ రెండూ చదవాల్సి వస్తుంది.