బొటనవేలికి అప్పగించిన ఫోకస్: నాలుగేళ్ల వాడకం తర్వాత

నాలుగేళ్లుగా నా కెమెరాలో షట్టర్ బటన్‌కీ ఫోకస్‌కీ సంబంధం లేదు. సగం నొక్కితే వెలుతురు కొలుస్తుంది, పూర్తిగా నొక్కితే ఫొటో తీస్తుంది. ఫోకస్ అంతా వెనకాల, బొటనవేలి కింద ఉన్న ఏఎఫ్-ఆన్ (ఆటోఫోకస్‌ని నడిపే) బటన్‌దే. ఇదేం కొత్త వింత కాదు, 1989 నాటి కెనాన్ ఈఓఎస్ 630 ఫిల్మ్ కెమెరాలోనే ఉంది.

సెట్టింగ్ రెండు నిమిషాల పని. కెనాన్‌లో బటన్ల మెనూలోకి వెళ్లి షట్టర్ సగం నొక్కుడుని మీటరింగ్‌కే, అంటే వెలుతురు కొలవడానికే పరిమితం చేయాలి. నికాన్‌లో ఏఎఫ్ యాక్టివేషన్‌ని 'ఏఎఫ్-ఆన్ ఓన్లీ'కి మార్చాలి. సోనీలో 'ఏఎఫ్ విత్ షట్టర్' ఆఫ్ చేయాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఏం తేడా లేదంటారు. ఫోకస్ మోడ్‌ని కంటిన్యువస్‌లో పెట్టకపోతే ఉండదు మరి! అలా పెడితే, బటన్ పట్టుకున్నంతసేపూ ఫోకస్ వెంటాడుతుంది, వదిలిన చోట ఆగిపోతుంది.

లకుముకి పిట్ట కొమ్మ మీద కూర్చుంది. ముందు రెల్లు ఆకులు గాలికి ఊగుతున్నాయి. పాత పద్ధతిలో అయితే క్లిక్‌కి వెళ్లిన ప్రతిసారీ లెన్స్ ఆకు మీదికి దూకేది. ఇప్పుడు కన్ను దొరకగానే వేలు ఎత్తేస్తాను. ఆకులు ఎన్ని అడ్డొచ్చినా ఫోకస్ కదలదు. పిట్ట ఎగిరితే మళ్లీ వేలు పడుతుంది. (నీళ్లలోకి దూకే ఫొటో మాత్రం ఇంతవరకూ దక్కలేదు. అది బటన్ తప్పు కాదు.)

మొదటి మూడు వారాలు నరకం. వేలు నొక్కడం మర్చిపోయి తీసినవన్నీ మసకే. ఓసారి కెమెరా చుట్టాలబ్బాయి చేతికిచ్చి గ్రూప్ ఫొటోలో నిలబడ్డాను. ఇరవై ఫొటోల్లోనూ మా వెనకున్న గోడ స్పష్టంగా ఉంది, మేం లేం. అప్పటినుంచి మామూలు సెట్టింగ్‌ని ఒక కస్టమ్ మోడ్‌లో దాచి, డయల్ తిప్పి ఇస్తున్నాను. ఎఫ్/1.8 లెన్స్‌తో (స్పష్టంగా పడే లోతు చాలా తక్కువ) దగ్గర్నుంచి ముఖాలు తీసేటప్పుడు వేలు ఎత్తి ఫ్రేమ్ మార్చడం కూడా మంచిది కాదు. నేను కాస్త ముందుకు ఊగినా కనురెప్పల మీదుండాల్సిన ఫోకస్ చెవి మీదికి పోతుంది.

ఐ-ఏఎఫ్ (కన్నుని తనే వెతికి ఫోకస్ చేసే సదుపాయం) ఉన్న మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేనిది) కొని, ముఖాలు మాత్రమే తీసేవాళ్లకు ఈ తంటా అక్కర్లేదనే నా అభిప్రాయం. పక్షులు, ఆటలు తీసేవాళ్లు మాత్రం ఓ నెల ఓర్చుకోండి.

నాకింకా మిగిలిన చిరాకు ఒకటే. బటన్ మరీ చదునుగా ఉంది, వ్యూఫైండర్‌కి కన్ను ఆనించి తడుముకుంటే పక్కదాని మీద పడుతుంది వేలు. చిన్న రబ్బరు చుక్క అంటించాక పర్లేదు.