హెవీ డ్రైవింగ్ ట్రైనింగ్, ఆపై ఉద్యోగం గ్యారంటీ అంటున్నారా? సంతకం పెట్టేముందు ఇది చదవండి

వరంగల్, హనుమకొండ, పరకాల, నర్సంపేట, హుజూరాబాద్ వైపు నుంచి లారీ లైన్‌లోకి రావాలనుకునే తమ్ముళ్లకు, వాళ్ల కోసం పైసలు సర్దబోయే అన్నలకు, నాన్నలకు ఈ హెచ్చరిక. దూరప్రాంతాలకు సరుకు నడిపే ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ తన సొంత యార్డులోనే కొత్త డ్రైవర్లను తయారుచేస్తానని చెప్తోంది. హెవీ లైసెన్సు, భోజనం, వసతి, ట్రైనింగ్ అయిన మర్నాడే ఉద్యోగం, నెలకు 28 వేల దాకా సంపాదన. బస్టాండ్ దగ్గర కరపత్రాలు పంచుతున్నారు, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నారు. కరపత్రం మీద ఏసీ క్యాబిన్ బండి బొమ్మ కూడా వేశారు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేసింది ప్రభుత్వమే. యార్డులో ఉన్నవి మాత్రం కిటికీ అద్దం చేత్తో పైకి లాగాల్సిన బండ్లు.

నేను 45 వేలు కట్టి అందులో చేరాను. ట్రైనింగ్ పూర్తయినట్టు రంగుల సర్టిఫికెట్టు నా దగ్గర ఉంది. దాన్ని పట్టుకుని ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక లారీ ఓనర్‌ను కలిస్తే కాయితం వైపు కూడా చూడలేదు. తాళంచెవి చేతిలో పెట్టి, "గా గోదాంకు రివర్స్ పెట్టి చూపియ్ తమ్మీ" అన్నాడు. 12 టైర్ల బండిని గోడకు ఆనించడం మాకు ఎవరూ ఒక్కసారి కూడా నేర్పలేదు. కంపెనీ పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు నడుస్తోంది. పేరు లేకున్నా పద్ధతి చూసి గుర్తుపట్టొచ్చు.

చేరే రోజు ఫీజు కన్నా ముందు కాయితాలు అడుగుతారు. టెన్త్ మెమో ఒరిజినల్, లైసెన్సు కార్డు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు రెండు, 100 రూపాయల స్టాంపు పేపరు మీద బాండు. ట్రైనింగ్ అయ్యాక రెండేళ్లు వాళ్ల దగ్గరే చెయ్యాలి, మధ్యలో వెళ్తే లక్షన్నర కట్టాలి అన్నది బాండు సారాంశం. కాపీ అడిగితే, "ఫార్మాలిటీ తమ్మీ, అందరిదీ గింతే" అని ఫైలు బీరువాలో పెట్టేశాడు మేనేజర్. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు 8వ తరగతి పాసై ఉండాలన్న నిబంధనను కేంద్రం 2019లోనే తీసేసింది. చదువే అడగని పనికి టెన్త్ మెమో ఒరిజినల్ వాళ్లకెందుకు? మనిషి కదలకుండా పట్టుకోవడానికి. లైసెన్సు కార్డు సంగతీ అంతే. డిజిలాకర్‌లో చూపించే లైసెన్సు రోడ్డు మీద చెల్లుతుంది, వెరిఫికేషన్ రవాణా శాఖ లైసెన్సుల సైటు సారథి పోర్టల్‌లో అక్కడికక్కడే అయిపోతుంది. కార్డు బీరువాలోకి పోవాల్సిన అవసరం ఎక్కడా లేదు.

ఖాళీ చెక్కు గురించి ఇంకో మాట. "స్టాప్ పేమెంట్ పెడితే అయిపాయె" అని చాలామంది ధైర్యం చెప్తారు. అట్లా కాదు. స్టాప్ పేమెంట్ పెట్టిన చెక్కు తిరిగొచ్చినా చెక్ బౌన్స్ కేసుల 138 సెక్షన్ కింద కేసు వెయ్యొచ్చు. సంతకం ఉంటే చాలు, అంకెలు వాళ్లు రాసుకున్నా సరే, బాకీ లేదని నిరూపించుకునే భారం మన నెత్తిన పడుతుంది. సుప్రీంకోర్టు 2019లో ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఖాళీ చెక్కు అడిగిన చోట ఇంక మాట్లాడేదేమీ లేదు, లేచి వచ్చేయండి.

ఇక ట్రైనింగ్. యార్డులో మాకు చూపించింది ఒక పాత 10 టైర్ల టిప్పర్. బ్యాచ్ మొత్తానికీ అదే. పొద్దున వేపచెట్టు కింద వరుసగా కూర్చుంటాం, పేరు పిలిస్తే ఎక్కుతాం, ఫస్టు, సెకండు గేర్లలో యార్డు చుట్టూ ఒక రౌండు, దిగుతాం. రోజులో ఒక్కొక్కరి చేతికి స్టీరింగ్ వచ్చేది పది నిమిషాలు. మధ్యలో ఏ బండో లోడ్‌కు వెళ్లాలంటే మమ్మల్నే లోడు మీద టార్పాలిన్ పట్టా కట్టడానికి పంపేవాళ్లు, ఆ పూట డ్రైవింగ్ లేనట్టే. నేర్పేవాడు పక్క సీట్లో కూర్చుని ఫోన్ చూసుకునేవాడు. ఆయన కాలికింద రెండో బ్రేకు, రెండో క్లచ్చు లేవు. డ్రైవింగ్ స్కూల్ బండికి అవి ఉండాలని నిబంధన.

ఒకరోజు ఎయిర్ ప్రెషర్ ముల్లు సున్నా దగ్గరే ఉందని అడిగాను. "గది పనిజెయ్యదు, బజర్ మోగకుంటే పోనియ్" అన్నాడు. పెద్ద బండి బ్రేకు గాలితో పనిచేస్తుంది. ట్యాంకులో గాలి నిండకముందే బండి కదిలిస్తే, లేదా దారిలో ఎక్కడో లీకై గాలి తగ్గితే, ఆ సంగతి డ్రైవర్‌కు ముందుగా చెప్పేది ఆ ముల్లే. చచ్చిన ముల్లు ముందు కూర్చోబెట్టి నేర్పితే కుర్రాడికి దాని వైపు చూసే అలవాటే రాదు. 45 వేలు పోయినదానికన్నా ఈ ఒక్క సంగతే నాకు ఎక్కువ భయం పుట్టించింది.

చట్టం లెక్క ఏమిటో కూడా తెలుసుకోండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ బండి నేర్పే స్కూలు కనీసం 30 రోజులు శిక్షణ ఇవ్వాలి, అందులో స్టీరింగ్ మీద గడిపే సమయమే 15 గంటలు ఉండాలి. 2021లో వచ్చిన అక్రిడిటెడ్ (ప్రభుత్వ గుర్తింపు ఉన్న) ట్రైనింగ్ సెంటర్లలో అయితే హెవీ కోర్సు 38 గంటలు, ఆరు వారాల్లో. మాకు వచ్చిన పది నిమిషాలను ఎంత సాగదీసినా 15 గంటలు కావు. మరి సర్టిఫికెట్టు ఎట్లా వచ్చింది? ఎవరు ఎన్ని గంటలు నడిపారో రాసే రిజిస్టరు ఒకటుంటుంది, ఫారం 15 అంటారు. చివరి రోజు దాన్ని తెచ్చి టేబుల్ మీద పెట్టి, ఒకే నీలం పెన్నుతో అందరి గంటలూ ఒక్క ఊపులో నింపేశారు. నేను స్టీరింగ్ ముట్టని ఆదివారాల్లో కూడా గంట గంట నడిపినట్టు ఉంది. మా చేత సంతకాలు పెట్టించుకున్నారు. పెట్టనన్నవాడికి మెమో బీరువాలోనే ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు.

మా బ్యాచ్‌లో ములుగు వైపు పిల్లగాడు ఒకడున్నాడు. కారు లైసెన్సు తీసుకుని ఆరునెలలు కూడా కాలేదు. ట్రాన్స్‌పోర్ట్ బండికి లెర్నింగ్ లైసెన్సు కావాలంటే ఎల్ఎంవీ (కారు లాంటి చిన్న బండి) లైసెన్సు వచ్చి ఏడాది నిండాలి, వయసు 20 దాటాలి. ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు, ఫీజు మాత్రం మొత్తం కట్టించుకున్నారు. ఏడాది నిండేదాకా "ఆన్ రోడ్ ట్రైనింగ్" చెయ్యమన్నారు. అంటే క్లీనర్ పని, జీతం లేకుండా.

అసలు దోపిడీ జరిగేది ఈ ఆన్ రోడ్ ట్రైనింగ్‌లోనే. యార్డు అయ్యాక సీనియర్ డ్రైవర్ పక్కన సెకండ్ డ్రైవర్‌గా ఎక్కిస్తారు. ట్రైనింగ్‌లో ఉన్నావు కాబట్టి జీతం లేదు, బత్తా మాత్రం ఇస్తారు, అది రెండు పూటల ధాబా భోజనానికి సరిపోతే గొప్ప. పట్టా కప్పాలి, తాళ్లు బిగించాలి, కాంటా దగ్గర లైన్లో నిలబడాలి, అన్‌లోడింగ్ దగ్గర బస్తాలు లెక్కపెట్టాలి, రాత్రి డీజిల్ ట్యాంకు దగ్గర కాపలా పడుకోవాలి. సీనియర్ "ఓకే" అని సంతకం పెట్టేదాకా ట్రైనింగ్ అయినట్టు కాదు. ఆ సంతకం ఎప్పుడు పెట్టాలో చెప్పేది ఆఫీసు. ఒక బండికి ఒక క్లీనర్ జీతం నెలనెలా మిగిలిపోతుంటే త్వరగా పెట్టమని ఎందుకు చెప్తుంది?

నా అదృష్టం, నాకు దొరికిన సీనియర్ మంచివాడు. వరంగల్ మనిషే, పొద్దున్నుంచి రాత్రి దాకా చాచా అనే పిలిచేవాణ్ని. మిర్చి లోడ్‌తో నాగపూర్ వెళ్తున్నాం, కరీంనగర్, జగిత్యాల, ఆర్మూర్ మీదుగా నలభైనాలుగో నంబరు హైవే ఎక్కి. నిర్మల్ దాటినాక ఘాట్ దిగేచోట బండి పక్కకు ఆపి, నన్ను కిందికి దింపి చక్రం మీద చెయ్యి పెట్టి చూడమన్నాడు. వేడి తగిలింది. "ఊకె బ్రేకు తొక్కితే లైనర్లు కాలిపోతయి బేటా. తర్వాత తొక్కినా బండి ఆగది. ఏ గేర్ల ఎక్కుతవో గా గేర్లనే దిగాలె. ఎగ్జాస్ట్ బ్రేకు పట్టుకో. డీజిల్ మిగుల్తదని న్యూట్రల్ కొట్టినవనుకో, ఇంజను చెయ్యి ఇడిశిపెడ్తది" అన్నాడు. పొద్దున బండి తియ్యకముందు ఎయిర్ ట్యాంకుల కింద కాక్ తిప్పి నీళ్లు వదలడం, టైర్ల మీద రాడ్డుతో కొట్టి చప్పుడు బట్టి గాలి తెలుసుకోవడం, జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో చూడటం, అన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. ఆయనకు ట్రైనర్ అని కంపెనీ ఇచ్చేది ఏమీ లేదు. నేర్పాలని మనసుండి నేర్పాడు. ఇంకో బండి ఎక్కిన మా వాడికి దొరికినాయన రాత్రి స్టీరింగ్ అప్పజెప్పి వెనక పడుకునేవాడట. వీడి దగ్గర ఉన్నది లెర్నింగ్ కాయితం.

అట్లా ఎవరైనా స్టీరింగ్ ఇస్తే తీసుకోకండి. పక్కన మేలుకుని, లైసెన్సు ఉన్న మనిషి లేకుండా లెర్నింగ్ మీద నడపకూడదు. ఏదన్నా జరిగితే కేసు స్టీరింగ్ పట్టుకున్నవాడి మీదే. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల దాకా జైలు. ఆ రోజు కంపెనీ, "వాణ్ని ఎవరు నడపమన్నారు" అంటుంది.

జీతం మొదలయ్యాక 28 వేలు కనబడలేదు. అది కిలోమీటరు లెక్కన వచ్చే మొత్తమట, అన్ని ట్రిప్పులూ దొరికితే. దాంట్లోంచి డీజిల్ షార్టేజ్, టైర్ పంచర్, బస్తాల తరుగు అని కోతలు. నియామక పత్రం ఇవ్వలేదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం ప్రతి కార్మికుడికీ అది ఇవ్వాలి. రోజుకు 8 గంటల పని అన్న లెక్క లారీ డ్రైవర్లకు 1961 నాటి మోటారు ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం నుంచే ఉంది. ఆ మాట ఆఫీసులో అంటే నవ్వారు.

బయటికి వచ్చిన పద్ధతి చెప్తాను, ఇరుక్కున్నవాళ్లకు పనికొస్తుంది. నోటిమాటగా అడగడం మానేసి ఉత్తరం రాశాను. నా మెమో, లైసెన్సు, ఫలానా నంబరు చెక్కులు మీ దగ్గర ఉన్నాయి, చెక్కులు పూచీగా తీసుకున్నవే, మీకు నేను ఏ బాకీ లేను, వెనక్కి ఇవ్వండి అని. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకున్నాను, బ్యాంకుకు కూడా ఒక కాపీ ఇచ్చాను. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. మెమో, లైసెన్సు వారంలోపే ఇచ్చేశారు. చెక్కులు, ఫీజు ఇంకా రాలేదు, అందుకే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాను. కంపెనీ హెడ్డాఫీసు ఎక్కడున్నా సరే, మనం ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, వినియోగదారుల కేసుల సైటు ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చెయ్యొచ్చు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వెయ్యాలి, అది మర్చిపోకండి. లక్షన్నర బాండు చూసి కూడా భయపడకండి. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాండులో ఎంత రాసుకున్నా కోర్టు న్యాయమైన పరిహారం మించి ఇప్పించదు. జీతం లేకుండా పని చేయించుకున్నవాళ్లు నష్టం ఏం చూపిస్తారు?

నేర్చుకోవాలనే ఉంటే సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో ప్రభుత్వం అశోక్ లేలాండ్‌తో కలిసి పెట్టిన డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది, టైడ్స్ అంటారు. ముందు అక్కడికి వెళ్లి హెవీ బ్యాచ్ గురించి అడగండి. ప్రైవేటు చోటే అయితే గోడ మీద డ్రైవింగ్ స్కూల్ నడపడానికి ఆర్టీఏ ఇచ్చిన ఫారం 11 లైసెన్సు ఉందా, అందులో హెవీ రాసుందా చూడండి. పాత బ్యాచ్ ఫారం 15 చూపించమనండి, అన్ని పేజీల్లోనూ ఒకే పెన్ను, ఒకే చేతిరాత కనబడితే మీకే అర్థమవుతుంది. బండి ఎక్కి ఇంజను స్టార్ట్ చేయించి ఎయిర్ ముల్లు కదులుతుందో లేదో చూడండి, రెండు నిమిషాల పని. ఇప్పుడు ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లలో ఒకరిని టీకొట్టు దగ్గరికి పిలిచి, ఈ వారం స్టీరింగ్ ఎంతసేపు దొరికిందో అడగండి.

రసీదు మాత్రం అక్కడే నిలబడి చదువుకోండి. నాకిచ్చిన దాంట్లో ట్రైనింగ్ అన్న మాటే లేదు. "అడ్మిషన్, డాక్యుమెంటేషన్ చార్జీలు, తిరిగి ఇవ్వబడవు" అని ఉంది. ఇప్పుడు కమిషన్ ముందు వాళ్ల వకీలు పట్టుకున్నది ఆ ఒక్క లైనునే. మీరు కట్టే ప్రతి రూపాయికీ "హెవీ డ్రైవింగ్ ట్రైనింగ్ ఫీజు, ఇన్ని గంటలు" అని రాయించుకోండి. రాయనంటే పైసలు జేబులోనే పెట్టుకుని రండి.