ఏటికి ఇటు ఒక పద్ధతి, అటు ఒక పద్ధతి: కరోనా కాలంలో బడి తెరవడం ఏది మేలు?

మహేంద్రతనయ ఏటికి ఇటు ఒడిశాలోని పర్లాకిమిడిలో మేము, అటు ఆంధ్రలోని పాతపట్నంలో మా అక్కవాళ్ళు. మా వాడూ, అక్క కూతురూ ఒకే ఏడాది పుట్టారు. 2020 మార్చిలో బళ్ళు మూసేనాటికి ఇద్దరిదీ రెండో తరగతే. వచ్చిన రోగం ఒకటే, రెండిళ్ళలో మాట్లాడేది తెలుగే, ప్రభుత్వాలు మాత్రం వేరు. అందుకని బడి ఎప్పుడు తెరవాలన్న వాదన మా దగ్గర మాటలతో ఆగలేదు. రెండు పద్ధతులూ రెండిళ్ళలో నడిచాయి.

ఆంధ్రలో 2020 నవంబరు 2న పెద్ద తరగతులతో మొదలుపెట్టి, 2021 ఫిబ్రవరి 1 నాటికి ఒకటి నుంచి ఐదు దాకా కూడా పిలిచారు. సెకండ్ వేవ్‌కి ఏప్రిల్‌లో మూశారు. ఆగస్టు 16న అన్ని తరగతులూ ఒక్కసారే తెరిచారు. ఒడిశాలో నిచ్చెన పైమెట్టు నుంచి ఒక్కో మెట్టూ దిగారు. 2021 జనవరి 8న పది, పన్నెండు. వేవ్ తగ్గాక జూలై 26న మళ్ళీ వాళ్ళే. ఆగస్టు 16న తొమ్మిది, అక్టోబరులో ఎనిమిది. చిన్న తరగతులకు 2022 జనవరి 3 అన్నారు, ఒమిక్రాన్ భయంతో ఆఖరి నిమిషంలో ఆపేశారు. ఫిబ్రవరిలో గానీ మా వాడి వంతు రాలేదు. లెక్క వేస్తే ఇరవై మూడు నెలలు. మూడో తరగతి గది లోపల ఎలా ఉంటుందో వాడు చూడనే లేదు.

2021 ఆగస్టులో, అటు బళ్ళు తెరిచినప్పుడు, మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. అక్క ఫోన్ చేసి, "ఏటే, గుంటల్ని ఎన్నాళ్ళు కట్టేసి ఉంచుతారు?" అంది. మా ఆయన పక్కనుంచి, "వదినా, చదువు పోతే ఏడాది ఆలస్యంగానైనా వస్తుంది. అమ్మకి ఏమైనా అయితే?" అన్నాడు. మా అత్తకి షుగర్. వేవ్‌లో మా వీధిలోనే ఇద్దరు పెద్దవాళ్ళు పోయారు. అలాంటి ఇంట్లో ఆయన్ని పిరికివాడని అనడానికి నాకు నోరు రాలేదు.

కానీ ఆయన భయం పిల్లాడి గురించి కాదని అప్పుడే అర్థమైంది. అంతకుముందు జూలైలో ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) సీరో సర్వే లెక్కలు వచ్చాయి, అంటే రక్తం పరీక్షించి రోగం ఎందరికి తగిలిందో చూసే సర్వే. ఆరు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల్లో 57.2 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నాయని తేలింది. చిన్నపిల్లలకు అప్పటికి టీకానే లేదు, కాబట్టి అవన్నీ రోగం తగిలి వచ్చినవే. అంటే బళ్ళు చాలావరకు మూసి ఉన్న కాలంలోనే సగానికి పైగా పిల్లలకు తగిలిపోయింది. తెరవాలనుకుంటే ముందు ప్రాథమిక బళ్ళే తెరవడం మంచిదని ఐసీఎంఆర్ అధిపతి బలరాం భార్గవ అన్నది కూడా ఆ నెలలోనే. చిన్నపిల్లలు వైరస్‌ను పెద్దవాళ్ళకంటే బాగా తట్టుకుంటారన్నది ఆయన చెప్పిన కారణం. ఒడిశా సరిగ్గా దానికి తిరగేసి చేసింది. పెద్దవాళ్ళకి పరీక్షలుంటాయి, మాస్కు పెట్టుకోమంటే పెట్టుకుంటారు అన్నది వాళ్ళ లెక్క కావచ్చు. అర్థం కాని లెక్కేం కాదు. అయితే పదో తరగతి కుర్రాడు ఫోన్‌లో పాఠం విని ఎంతోకొంత పట్టుకోగలడు. అక్షరాలు అప్పుడే కూడుకుంటున్న వాడి సంగతి అలా ఉండదు.

ఇక మూడో పద్ధతి, ఫోన్ బడి. దీని గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. ఉన్న ఒక్క ఫోనూ మా ఆయనతో పాటు పొద్దున్నే షాపుకి పోయేది. పల్లె పిల్లల చదువు మీద జరిగే అసర్ సర్వేలో 2021లో, పల్లెల్లో బడిపిల్లలున్న ఇళ్ళలో 67.6 శాతం ఇళ్ళకి స్మార్ట్‌ఫోన్ ఉందని వచ్చింది. ఇంట్లో ఉన్నంతమాత్రాన పిల్లాడి చేతికి వచ్చినట్టు కాదు కదా! రాత్రి తొమ్మిదింటికి ఫోన్ ఇంటికొస్తే వాట్సాప్‌లో పాఠాలు కుప్పగా పడి ఉండేవి, వీడు నిద్రలో జోగుతూ ఉండేవాడు.

మా సరిహద్దు వాళ్ళకి ఇంకో నష్టం ఉంది. అక్క కూతురికి బడి మూసినా బడి భాష ఇంట్లోనే ఉంది. దాని అమ్మమ్మ కథ చెప్పినా, టీవీలో సప్తగిరి ఛానల్లో పాఠం వచ్చినా తెలుగే. మా వాడిది ఒడియా మీడియం. ఒడియా వాడికి దొరికేది బళ్ళోనే, పక్కన కూర్చునే పిల్లల దగ్గరే. మా వీధిలో అందరం తెలుగువాళ్ళం. నాకు సంతలో బేరమాడేంత ఒడియా వచ్చు గానీ వాడి పుస్తకం చదివి చెప్పేంత రాదు. ఒడిశా ప్రభుత్వం రేడియోలో చెప్పించే ఒడియా పాఠాలు, రేడియో పాఠశాల, పెడితే వాడు కాసేపు విని, "అమ్మా, ఏమంటున్నారు?" అని నన్నే అడిగేవాడు. ఫిబ్రవరిలో బడికి వెళ్ళిన మొదటి వారం లెక్కల పుస్తకంలో 'మిశాణ' అంటే కూడికా, తీసివేతా అని అడిగాడు. ఒడియాలో అది కూడిక. లెక్క చెయ్యడం వాడికి వచ్చు, చేతివేళ్ళ మీద చేసేస్తాడు. ఏ లెక్క చెయ్యమన్నారో తెలీదు.

అక్క పద్ధతిలో మాత్రం తలనొప్పులు లేవా? మొదటి వారంలోనే రెండు మాస్కులు పోగొట్టింది దాని కూతురు. తరగతిలో ఎవరికో జ్వరం అంటే అక్క పది రోజులు మాన్పించేసింది, తర్వాత తనే మళ్ళీ పంపింది. 2022 సంక్రాంతి సెలవులయ్యాక జనవరి 17న ఒమిక్రాన్ మధ్యలోనే బళ్ళు తెరిస్తే అక్కకి రెండు రాత్రులు నిద్ర లేదు. కానీ తెరిచి ఉన్న బడికి పంపాలా వద్దా అన్నది అక్క చేతిలో ఉంది. నా చేతిలో ఏముంది?

పైగా ఇటు బడి మూసి ఉన్నా పిల్లలు ఇంట్లో ఉన్నారా అంటే అదీ లేదు. ట్యూషన్ పేరుతో చిన్న గదిలో పన్నెండు మంది, ఒక్క కిటికీ. బడి వరండా దానికంటే ఎంతో నయం. మధ్యాహ్న భోజనానికి బదులు బియ్యం ఇంటికి ఇచ్చారు, నిజమే. ఆ బియ్యం ఇంటిల్లిపాదీ తిన్నాం.

నన్ను అడిగితే చిన్నపిల్లల విషయంలో పాతపట్నం పద్ధతే మేలు, అందులోనూ ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి అయిన మాలాంటి వాళ్ళకి. ఒక్క షరతు మాత్రం పెడతాను. ఇంట్లో షుగరో, ఆయాసమో ఉన్న పెద్దవాళ్ళకి రెండు డోసులూ పడేదాకా ఆగే వీలు ఆ ఇంటికి ఉండాలి. మా అత్తకి రెండో డోసు ఆగస్టులోనే అయిపోయింది. ఆ తర్వాత కూడా మా వాడు అరుగు మీద కూర్చున్న ఆరు నెలలకి నాకు సరైన కారణం కనిపించదు.

మా ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు. "అమ్మ ఉంది కదా" అంటాడు. నిజమే, ఉంది. మనవడు లెక్కలు చేసుకుంటుంటే పక్కనే కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.