పెన్సిల్ రాతలున్న గైడు

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల మధ్య ఎనభై రూపాయలకు దొరికింది. ఉత్తరాఖండ్‌లోని పూలలోయ జాతీయవనం, దాని చుట్టుపక్కల కాలిబాటల మీద రాసిన గైడు. పటాలు బాగానే ఉన్నాయి కానీ, నాచేత కొనిపించింది మాత్రం అంచుల్లో ఎవరో తెలుగులో పెన్సిల్‌తో రాసుకున్న మాటలు. ఒకచోట ‘ఇక్కడ గుర్రం ఎక్కాను. సిగ్గుపడలేదు’ అని ఉంది.

నెల రోజులు తెల్లవారుజామున ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కి దిగి, ఆగస్టు మూడోవారంలో నేనూ మా బావమరిదీ విజయవాడలో రైలెక్కాం. హరిద్వార్ నుంచి జోషీమఠ్ దాకా జీపు. వానాకాలం కాబట్టి దారిలో కొండచరియ విరిగిపడి సగం రోజు పోయింది. అదనంగా ఒక రోజు చేతిలో ఉంచుకోకుండా ఎవరూ వెళ్లవద్దు.

గైడు ప్రకారం గోవింద్‌ఘాట్‌లోనే నడక మొదలవ్వాలి. 2013 జూన్ వరదలు ఆ బాటను చాలాచోట్ల తుడిచిపెట్టాయి. ఇప్పుడు పుల్నా అనే ఊరి వరకు సుమారు 4 కిలోమీటర్లు జీపులు తిరుగుతున్నాయి. అక్కడి నుంచి పూలలోయకు ముందు మజిలీ అయిన ఘాంఘరియాకు పది కిలోమీటర్ల ఎక్కుడు. పుస్తకం ఐదు గంటలంది, మాకు ఏడున్నర పట్టింది. ‘‘బావా, ఈ రాసినాయన మనలా అన్నం తిని నడిచి ఉంటాడా?’’ అన్నాడు మా వాడు, ఒక రాయి మీద కూలబడి.

ఘాంఘరియాలో మొదటి రాత్రి లాడ్జిలో దిగాం. రజాయి పిండితే నీళ్లు కారేలా ఉంది. బకెట్ వేడినీళ్లకు వేరే డబ్బు. మర్నాడు గురుద్వారాకు మారాం. పడక ఉచితం, కంబళ్లు పొడిగా ఉన్నాయి, వేడి రొట్టెలు, పప్పు. మరుగుదొడ్ల దగ్గర వరుస మాత్రం తప్పదు. పెద్దవాళ్లు వెంట ఉంటే లాడ్జే మేలు. అయితే డబ్బు కట్టేముందు రజాయి మీద చెయ్యి వేసి చూడండి.

లోయలోకి గుర్రాలను రానివ్వరు. నడవలేనివారిని వెదురుబుట్టలో కూర్చోబెట్టి వీపున మోసుకెళ్లేవాళ్లు ఉంటారు. లోపల దుకాణం లేదు, రాత్రి ఉండనివ్వరు. అన్నం మూట, నీళ్లు మనమే మోసుకోవాలి. పుస్తకంలోని బొమ్మలో రంగురంగుల తివాచీలా ఉంది. మేము వెళ్లినప్పుడు ఎక్కువగా కనబడింది గులాబీరంగు బాల్సమే, మన కాశీతుంబ జాతి మొక్క. భుజాల ఎత్తు పెరిగింది. పండిన కాయను వేలితో తాకితే టప్పున పగిలి గింజలు ముఖాన కొట్టాయి. మా వాడు చిన్నపిల్లాడిలా పది కాయలు పగలగొట్టాడు. లోపల 1939లో పూలు సేకరిస్తూ జారిపడి చనిపోయిన జోన్ మార్గరెట్ లెగ్ సమాధి ఉంది. ఆ రాతిపలక దగ్గర కాసేపు కూర్చున్నాం.

ఘాంఘరియా నుంచే దారి ఉన్న హేమ్‌కుండ్, కొండమీది సరస్సు ఒడ్డున సిక్కుల గురుద్వారా ఉన్న చోటు, వేరే కథ. ఆరు కిలోమీటర్లే, కానీ వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి. సరస్సు నాలుగు వేల మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అక్కడా రాత్రి బస లేదు, మధ్యాహ్నానికే దింపేస్తారు. పైకి చేరేముందు రాళ్ల మధ్య బ్రహ్మకమలాలు కనిపించాయి. మన మేడల మీద కుండీల్లో రాత్రిపూట పూస్తే ఇరుగుపొరుగును పిలిచి చూపించే బ్రహ్మకమలం నిజానికి కాక్టస్ జాతి మొక్క. ఇది వేరు: పలచటి కాగితం లాంటి లేత పసుపు రేకులు, లోపల ఊదారంగు మొగ్గలు. గురుద్వారాలో ఇచ్చిన వేడి కిచిడీ తింటే గానీ చేతివేళ్లకు స్పర్శ తిరిగి రాలేదు.

రెండింటికీ బలం చాలదనుకుంటే లోయకే వెళ్లండి. సరస్సుకు గుర్రమైనా దొరుకుతుంది కదా అని నడక మొదలుపెట్టకండి. సగం దారిలో దాని ధర మన ఆయాసాన్ని బట్టి ఉంటుంది.

హేమ్‌కుండ్ పేజీ అంచు ఖాళీగా ఉంది. ఆ పాత యాత్రికుడు అక్కడిదాకా వెళ్లలేదేమో. తిరుగు రైల్లో పెన్సిల్ తీసుకుని రాశాను: ‘రెండు కిలోమీటర్ల తర్వాత గుర్రం ఎక్కాను. కొంచెం సిగ్గుపడ్డాను.’