సాయినగర్ స్కిన్ క్లినిక్: మా పాప వేలు కోయకుండానే నయమైంది

అనంతపురం సాయినగర్‌లో, కింద మెడికల్ షాపు, పైన డాక్టర్ గది ఉన్న చిన్న స్కిన్ క్లినిక్ ఇది. మేడమ్ ఒక్కరే చూస్తారు. పిల్లల వేలి మీద నీళ్ల పొక్కులు వచ్చి ఏం చేయాలో తోచని అమ్మానాన్నలకు పనికొస్తుందని జరిగిందంతా వివరంగా రాస్తున్నా.

మా పాపకు నాలుగేళ్లు, బొటనవేలు చీకే అలవాటు ఇంకా పోలేదు. ముందు జ్వరం వచ్చి చిగుళ్లు వాచి నోరంతా పూసింది, సంగటి సంగతి దేవుడెరుగు, మజ్జిగ కూడా మింగలేకపోయింది. అది తగ్గుతోంది అనుకునేలోపే బొటనవేలు ఎర్రగా వాచింది. మా అత్తమ్మ గోరుచుట్టు అని నిమ్మకాయ తొడిగితే పాప కేకలు వీధి చివరిదాకా వినిపించాయి. వేరే ఆస్పత్రికి తీసుకెళ్తే పైపైన చూసి, చీము పట్టింది, రేపు పరగడుపున తీసుకురండి, మత్తిచ్చి కోసి తీసేద్దాం అన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, సరిగ్గా అదే జరిగేది, మా ఆయన ఎందుకైనా మంచిది ఇంకొకరికి చూపిద్దాం అని పట్టుబట్టకపోతే.

ఇక్కడ మేడమ్ గ్లౌజులు వేసుకుని, లైటు దగ్గరికి లాక్కుని, వేలు చూస్తూనే అడిగిన మొదటి ప్రశ్న, "ఈమధ్య నోట్లో పుండ్లు వచ్చాయా అమ్మా? వేలు చీకుతుందా?" అప్పటిదాకా నోటికీ వేలికీ సంబంధం ఉందని మాకెవరూ చెప్పలేదు. తర్వాత భూతద్దం నా చేతికిచ్చి చూడమన్నారు. గోరు పక్కన ఉడికిన సగ్గుబియ్యంలా చిన్న చిన్న పొక్కులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, చుట్టూ ఎర్రగా కందిపోయి ఉంది. వేలి కొన మెల్లగా నొక్కి, "చీము పట్టి ఉంటే ఇక్కడ బిర్రుగా ఉండేది, చూడు ఎంత మెత్తగా ఉందో" అన్నారు. చంకలో బిళ్ల కట్టడం కూడా ఆమే గమనించారు.

దీన్ని హెర్పెటిక్ విట్లో అంటారట. జ్వరం వచ్చి తగ్గాక పెదవి పక్కన పేలుతుంది చూడండి, అదే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ వేలికి పాకితే ఇలా వస్తుంది. నోట్లో పుండ్లున్నప్పుడు వేలు చీకే పిల్లలకు, గోళ్లు కొరికే వాళ్లకు, గ్లౌజులు లేకుండా రోగుల నోట్లో చేయి పెట్టే నర్సులకు, పళ్ల డాక్టర్లకు రావచ్చు. పొక్కుల్లో మొదట తేటగా ఉన్న నీరు కొన్ని రోజులకు మబ్బుగా మారుతుంది, చాలామంది చీము అని పొరబడేది అప్పుడే. కోస్తే లాభం లేదు సరికదా, ఆ గాయంలోకి బ్యాక్టీరియా దిగి కొత్త ఇన్ఫెక్షన్ రావచ్చు, వైరస్ చుట్టుపక్కలకు కూడా పాకుతుంది. అందుకే పొక్కులు చిదమొద్దు, సూదితో గుచ్చొద్దు అని ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఎలాగైనా రెండు మూడు వారాల్లో దానంతటదే మానుతుంది, ఎసిక్లోవిర్ మందు మొదట్లోనే వేస్తే కొంచెం త్వరగా తగ్గుతుంది. పాప బరువు చూసి ఆ సిరప్, నొప్పికి పారాసిటమాల్ రాశారు, అంతే. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదని అది రాయలేదు, వేలు దాటి ఎరుపు చేతి పైకి పాకితే మాత్రం వెంటనే రమ్మన్నారు. అనుమానంగా ఉంటే పొక్కు అడుగు నుంచి గీకి టెస్టుకు పంపుతారట, మాకు ఆ అవసరం లేదని ఖర్చు పెట్టించలేదు. ఇలాంటి డాక్టర్లు దొరకడం కష్టం.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆమె ఇంటి సంగతులు అడగడం. ఇంట్లో పసిబిడ్డ ఎవరైనా ఉన్నారా అన్నారు, మా తోడికోడలి బిడ్డకు అప్పటికి నెల కూడా నిండలేదు. పుట్టిన బిడ్డలకు ఈ వైరస్ సోకితే ప్రాణం మీదికి రావచ్చు, పొక్కులు ఎండి పెచ్చు కట్టేదాకా పాపను ఆ గదిలోకి పోనివ్వొద్దు, ముద్దులు పెట్టనివ్వొద్దు అని గట్టిగా చెప్పారు. ఆ వేలితో కళ్లు నులుముకుంటే నల్లగుడ్డుకు ప్రమాదమని, వేలికి వదులుగా గాజుగుడ్డ చుట్టి రాత్రిళ్లు చేతికి సాక్సు తొడగమన్నారు. టవల్ వేరే, కట్టు మార్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇంకో మాట. హెర్పిస్ అని ఫోన్‌లో వెతికితే ముందు సుఖవ్యాధుల గురించే వస్తుంది, మా ఆయన మొహం పాలిపోయింది. మేడమ్ అది గమనించి, మా అత్తమ్మను కూడా లోపలికి పిలిచి, పిల్లలకు వచ్చేది చాలావరకు ఈ వైరస్‌లో టైప్ 1 అనే రకం, పెద్దవాళ్లలో చాలామంది ఒంట్లో ఉండేదే, ఎవరో ప్రేమగా పెట్టిన ముద్దుతో వచ్చి ఉంటుంది, ఎవరినీ అనుమానించక్కర్లేదు అని ఓపిగ్గా చెప్పారు. మా ఇంట్లో పెద్ద గొడవ ఆ రెండు నిమిషాలతో తప్పింది. ఈ వైరస్ నరాల్లో దాక్కుని ఉంటుంది కాబట్టి అదే వేలికి మళ్లీ రావచ్చని, వచ్చినా మామూలుగా ఇంత తీవ్రంగా ఉండదని, చిమచిమ మొదలవగానే రమ్మని కూడా దాచకుండా చెప్పేశారు.

వేలు పూర్తిగా మానింది, పైతోలు ఊడి కొత్త తోలు వచ్చింది, గోరు బాగానే ఉంది.

బాగాలేనివి కూడా చెప్పాలి. ఫోన్‌లో టోకెన్ ఇస్తామంటారు గానీ ఫోన్ ఎత్తరు. కూర్చోడానికి బెంచీలు చాలవు, ధర్మవరం, కళ్యాణదుర్గం నుంచి వచ్చినవాళ్లు మెట్ల మీదే కూర్చుంటున్నారు. పులిపిర్లవాళ్లూ, గజ్జివాళ్లూ, చంటిపిల్లలూ అందరూ ఒకే చోట. అన్నిటికంటే బాధనిపించింది వాష్ బేసిన్ దగ్గర సబ్బు లేకపోవడం. లోపల మేడమ్ చేతులు కడుక్కోమని అంత గట్టిగా చెప్తుంటే బయట సబ్బు లేకపోతే ఎలా? కాంపౌండర్‌కు చెప్పాం, రెండోసారి వెళ్లినప్పుడూ లేదు. దయచేసి పెట్టించండి మేడమ్, చర్మరోగాల క్లినిక్‌లో అది తప్పనిసరి.

5కి 4 ఇస్తున్నా, ఆ ఒక్కటీ సబ్బుకే తగ్గించా. ఫీజు 400, వారంలోపు మళ్లీ చూపిస్తే తీసుకోరు. ఆదివారం సెలవు. సాయంత్రం ఓపీ అయ్యేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది, పల్లెల నుంచి వచ్చేవాళ్లు ఆఖరి బస్సు టైము కనుక్కుని పొద్దున ఓపీకే రండి.